తోటకు నీడచెట్టు మేలా, నేలను గప్పు పచ్చతీగ మేలా



బావిక్రింద పండ్లతోట వేసిన ప్రతి రైతునకును వేసవి రాగానే ఒక యాలోచన పుట్టును. చెట్లనడుమ నేల బోడిగా ఎండుచుండును. పెట్టిన తడి మూడవనాటికే కానరాకుండ పోవును. తోటచుట్టును నీడనిచ్చు చెట్లు పెంచినచో నేల చల్లబడునని యొకరు చెప్పుదురు. చెట్లెదుగుటకు ఏండ్లు పట్టును గావున, ఏడాది పొడుగునను పచ్చగానుండి నేలమీద పాకెడి మొక్కనొకదానిని పరచినచో కొలది నెలలలోనే పని యగునని మరియొకరు చెప్పుదురు. ఇరువురు చెప్పునదియు నిజమే. అయినను ఈ రెండును చేయు పని ఒకటి కాదు. పుచ్చుకొను కూలియు ఒకటి కాదు. కూలి యనగా ఇచ్చట నీరు.

ఈ లెక్క తప్పినవానికి కలుగు నష్టము చిన్నది కాదు. 2015-16లో తెలంగాణమున కరవు వచ్చినప్పుడు నల్లగొండ సీమలో అనేక బత్తాయితోటలు నిలువున ఎండిపోయినవి. కొందరు ట్యాంకర్లతో నీరు కొని తెచ్చి పాదులలో పోసికొనిరి. అంత శక్తి లేనివారు పది పండ్రెండేండ్లు బిడ్డలవలె పెంచిన చెట్లను నరికివేయవలసి వచ్చెను. పైరు పోయిన రైతు మరుసటి యేడు మరల విత్తుకొనును. తోట పోయిన రైతునకు మరల కాపు చూచుటకు అయిదారేండ్లు పట్టును. కావున తోటలో క్రొత్తగా నేమి నాటినను, అది వైశాఖ జ్యేష్ఠములలో బావినుండి ఎంత నీరు తీయునో ముందుగా తెలిసికొనవలెను.

నేల వేడెక్కుట వలన కలుగు హాని యేమి? తెలంగాణమున మే నెల మధ్యాహ్నములందు గాలి 42 డిగ్రీల వేడి కలిగియుండగా, కప్పులేని చల్కనేల పైపొర 55 డిగ్రీలకును మించుట కలదు. చెప్పులు లేక నడచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బత్తాయి, నిమ్మ, నారింజ చెట్లకు ఆహారము తెచ్చు సన్నని వేళ్లు ఎక్కువగా పైనున్న అడుగు, అడుగున్నర మంటిలోనే వ్యాపించి యుండును. (రాయలసీమవారు చీనీ యనునది తెలంగాణమువారు బత్తాయి యనునదియు ఒకటే.) ఆ పైమన్ను మాడినచో పిల్లవేళ్లు చచ్చును, పూత రాలును, నిలిచిన పిందెయు నిలువదు. నేలకు ఏదో యొక కప్పు కావలెననుట సత్యము. ఆ కప్పు పైనుండి రావలెనా, క్రిందనుండి రావలెనా, అది బ్రతికినదై యుండవలెనా, ఎండినదైనను చాలునా యనునదే విచారింపదగినది.

మొదట నీడచెట్టును గూర్చి. తోట రైతునకు పనికివచ్చు నీడచెట్లలో కానుగకు మొదటి స్థానమీయవలెను. ఇది ఈ దేశపు చెట్టు. క్రొత్తగా తెచ్చినది కాదు. వాగుల యొడ్డులందును, బాటల ప్రక్కలను తానై పెరుగును. చల్కయైనను రేగడియైనను ఓర్చుకొనును. కొంత చౌడునకును వెరవదు. పప్పుజాతి చెట్టగుటచే దీని వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చును. ఆకు పచ్చిరొట్టగా పొలమునకు పనికివచ్చును. గింజలనుండి నూనె తీయుదురు. చెక్క మంచి యెరువు. పుల్లతో పండ్లు తోముకొనని పల్లెటూరివాడు పూర్వము లేడు. పశువులు దీని యాకును అంతగా కోరవు గావున, మొదటి రెండేండ్లు ముళ్లకంప చుట్టి కాచినచో తరువాత కావలి యక్కరలేదు. దీని యాకులమీద బొబ్బలవంటి బుడిపెలు చూచి కొందరు తెగులని భయపడుదురు. అవి కంటికానని నల్లిజాతి పురుగులు చేయునవి. చెట్టునకు వానివలన చెప్పదగిన హాని లేదు.

కానుగలో తోట రైతు ముఖ్యముగా గుర్తింపదగినది వేరొకటి కలదు. ఈ చెట్టు మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి, కొలది దినములలోనే క్రొత్త చిగురు వేసి, ఎండలు ముదురునప్పటికి నిండుగా పచ్చబడును. అనగా నీడ అక్కరలేని చలికాలపు చివర ఆకును క్రింద పడవేసి, నీడ కావలసిన చైత్ర వైశాఖములకు గొడుగు విప్పును. రాలిన యాకు వేసవికి ముందుగానే రైతు చేతికి వచ్చును. దాని యుపయోగము ముందు చెప్పబడును.

తక్కిన చెట్లను గూర్చి విస్తరింప పనిలేదు. వేప మంచిదే, గాని మెల్లగా పెరుగును. చింత ఫలమిచ్చును, దాని క్రింద మరియొక మొక్క బాగుపడుట యరుదు. మఱ్ఱియు రావియు ఊరుమ్మడి స్థలములకు తగినవి గాని బావిగట్టునకును గోడప్రక్కకును తగవు. వాని వేళ్లు రాతికట్టును సైతము విడదీయును. అవిసె త్వరగా ఎదిగి పలుచని నీడనిచ్చును. తమలపాకు తోటలవారు దానిని చక్కగా నెరుగుదురు. అయినను అది కొలది యేండ్ల చెట్టు.

నీడచెట్టు నెచ్చట నాటవలెననునది ఏ చెట్టనుదానికంటె ముఖ్యము. బత్తాయి ఎండ కోరు చెట్టు. నిండు చెట్లనడుమ కానుగ నాటి నీడ చేసినచో ఆకు దట్టమగును, కాపు తగ్గును. నీడ తోటలోపల కాదు, తోట యంచున ఉండవలెను. అదియు పడమటి యంచున. హైదరాబాదు ప్రాంతమున మే నెల రెండవ వారమున మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నుండును. అప్పుడు చెట్టు నీడ చెట్టుక్రిందనే పడును. మూడు గంటలు దాటిన తరువాత పడమటనున్న చెట్టు నీడ తూర్పునకు సాగి తోటమీద పడును. మంటికి వేడి మిక్కిలిగా ఎక్కునది ఆ వేళనే. అంతకంటె గొప్ప మేలు వడగాడ్పును ఆపుట. చెట్లవరుస గాలి వేగమును తన యెత్తునకు పదింతల దూరమువరకు తగ్గించును. 30 అడుగుల యెత్తున్న వరుస 300 అడుగులవరకు కాపాడును. చదరముగానున్న ఒక ఎకరము ఒక ప్రక్క 209 అడుగులే గదా. పడమట ఒక్క వరుస ఎకరపు వెడల్పంతయు కాయునని దీనివలన తెలియుచున్నది. గోడవలె సందులేకుండ పెంచవలదు. గాలి కొంత దూరిపోవలెను. లేనిచో అది వరుస దాటి సుడితిరిగి ఆవలి చెట్లను కొట్టును.

కానుగ వేరు లోతునకు దిగునదే యైనను ప్రక్కలకును పాకును. దానికిని తోటలోని మొదటి వరుసకును 25 మొదలు 30 అడుగుల యెడముండవలెను. నడుమ రెండు మూడడుగుల లోతున కాలువ త్రవ్వి, ఏడాది విడిచి ఏడాది దానిని తిరుగదోడి, అడ్డువచ్చిన వేళ్లను నరుకుచుండవలెను. ఈ పని చేయనివాడు మూడవ యేటనే మొదటి వరుస చెట్లు వాడుట చూచి కానుగను తిట్టును. పడమటి గట్టు మరియొకరిదైనచో నాటకముందే వారితో మాటాడుకొనుట మంచిది. ఉదయపు నీడ వారి పొలములో పడును. గట్టు తగవులు చాల వరకు ఇట్టి చిన్న సంగతులతోనే మొదలగును. బావికి 30 అడుగుల లోపల ఏ పెద్ద చెట్టును నాటరాదు.

ఇక నేలను గప్పు పచ్చతీగలు. వీనికి కీర్తి తెచ్చినవి మలయా దేశపు రబ్బరు తోటలు. అచ్చట 1920, 1930 ప్రాంతములలో ప్యూరేరియా, కలపగోనియము, సెంట్రోసీమా యను పప్పుజాతి తీగలను చెట్లనడుమ పరచు పద్ధతి వ్యాపించెను. ఉత్తర సర్కారు జిల్లాలనుండి ఆ తోటలకు కూలికి పోయిన తెలుగువారు వీనిని కన్నులార చూచినవారే. వాలునేలమీద పడిన వాన మంటిని కోసికొనిపోకుండ ఆ తీగలు పట్టి యుంచినవి, కలుపును అణచినవి, ఆకు రాల్చి నేలను మెత్తబరచినవి. గుణములకు లోపమేమియు లేదు. కాని మలయాలో ఏటికి 80 అంగుళములకు మించి వాన పడును, అదియు ఇంచుమించు పండ్రెండు నెలలును. దక్షిణ తెలంగాణమున 25 మొదలు 30 అంగుళములు, అందులో ఎక్కువ భాగము నాలుగు నెలలలోనే. అచ్చట వాననీటితో పచ్చగానుండు తీగ ఇచ్చట పచ్చగా నుండవలెనన్న బావినీరు త్రాగవలెను.

ఎంత త్రాగును? ఒక ఎకరముమీద ఒక్క అంగుళము నీరు నిలిపినచో అది ఇంచుమించు 1,03,000 లీటర్లు. ఎండకాలమున నీరు దొరకినంతవరకు, నేలను నిండుగా గప్పిన పచ్చని మొక్క రోజునకు పావు అంగుళము పీల్చి గాలిలోనికి విడుచునని లెక్కవేయవచ్చును. బత్తాయి 20 అడుగుల యెడమున నాటిన ఎకరములో 109 చెట్లుండును. చెట్టునకు రోజునకు 100 లీటర్ల చొప్పున పోసినచో 10,900 లీటర్లు. చెట్లనడుమ అర ఎకరము జాగాలో తీగ పరచినచో దానికి 12,800 లీటర్లు. చెట్లు త్రాగినదానికంటె తీగ త్రాగినదే ఎక్కువ! పండు నిచ్చునది చెట్టు, తీగ కాదు.

బోడినేలయు నీటిని ఆవిరిచేయును గదా యని అడుగవచ్చును. చేయును, కాని పైన రెండంగుళముల మన్ను పొడియైన తరువాత ఆ పొడియే మూతవలె నిలిచి, అడుగుననున్న తేమను చాలవరకు కాపాడును. తడి పెట్టిన మూడవ నాడు గుంటక పైపైన త్రోలు పెద్దల యలవాటునకు కారణమిదియే. బ్రతికిన తీగకు అట్టి మూత అడ్డురాదు. దాని వేరు అడుగునకు పోయి, చెట్టు వేరు ఉన్న చోటనే యున్న తేమను లాగును. నీరు పెట్టక విడిచినచో తాను ఎండును. కాని ఎండుటకు ముందు చెట్టు సొత్తును తినియే ఎండును.

తీగలవలన మరి రెండు చిక్కులున్నవి. బత్తాయి మొదలు తడిగానుండిన బంక తెగులు పట్టును. అందుకే నీరు మొదలునకు తగులకుండ రెండు గట్ల పాదు చేయుదురు. తీగ పాకి మొదలును చుట్టుకొన్నచో ఆ శ్రమ వ్యర్థము. రెండడుగుల దూరమువరకు ఎప్పటికప్పుడు కోయుచుండవలెను. కోయుటకు కూలి కావలెను. రెండవ చిక్కు, తీసివేయవలెనన్నప్పుడు అది పోకుండుట. పట్టణములలో గోడలప్రక్కను, ఉద్యానములలోను పసుపు పూలతో దట్టముగా పాకెడి వెడేలియా యను మొక్క చూచుటకు ముచ్చటగానుండును, నరికిన ముక్క పడినచోటనెల్ల వేరు వేయును. మధ్య అమెరికా ప్రాంతమునుండి వచ్చిన ఈ మొక్క లోకములోని మిక్కిలి చెడ్డ చొరబాటు మొక్కలు నూరింటిలో నొకటిగా లెక్కింపబడినది. అందమునకై దానిని కాలువగట్టున నాటు రైతు తన పొలమునకే గాక దిగువవారి పొలములకును తగవు తెచ్చినవాడగును. గరికతో పోరాడిన తోటవారికి ఈ మాట ఎక్కువగా చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రమున పచ్చతీగ ఎచ్చటను పనికిరాదని కాదు. కృష్ణా గోదావరి కాలువలక్రింద కొబ్బరితోటలలో నీటికి కొదవ లేదు, చెట్లనడుమ వెలుతురు దిగును. అచ్చట పప్పుజాతి తీగ పరచుట లాభకరమే. వాలుగానున్న తోటలో ప్రతి వానకును మన్ను కొట్టుకొనిపోవుచుండిన, నీరుకంటె మన్నే ముందు. అట్టి వాలున అడ్డముగా పట్టీలు పట్టీలుగా స్టైలో వంటి పశుగ్రాసము వేయవచ్చును. అది వానకాలమున నేలను పట్టును, కోసినచో పశువులు తినును, ఎండకాలమున ఆకు రాల్చి అణగియుండును, తన విత్తుతో మరల మొలచును. ఏడాది పొడుగునను పచ్చగా నుండనిదే దాని సుగుణము. చెరువుకట్టల వాలులను, మురుగుకాలువల యొడ్డులను తానై పాకు మొక్కలను పీకవలదు. అవి కట్టను కాయుచున్నవి.

బావిక్రింది తోటకు మధ్యేమార్గ మొకటి కలదు. తొలకరిని చెట్లనడుమ పిల్లిపెసర గాని, జనుము గాని, అలసంద గాని చల్లవలెను. వానలు నాలుగు నెలలును అవి వాననీటితోనే నేలను గప్పును, కలుపును అణచును. పూతకు రాగానే కోసి, కొంత దున్ని, కొంత పాదులలో పరచవలెను. బ్రతికిన కప్పు ఎండిన కప్పుగా మారును. ఎండిన కప్పు నీరు త్రాగదు. మాఘ ఫాల్గుణములలో కానుగ రాల్చిన యాకును పోగుచేసి దానిపై మూడు నాలుగంగుళముల మందమున పరచినచో, ఎండ మంటికి తగులదు. ఒక తడి నిలుచు దినములు హెచ్చును. చెట్టు తన కప్పును తానే తెచ్చియిచ్చుచున్నది. తీగ నీడ నీయజాలదు. ఈ రెంటి నడుమ తారతమ్యమిదియే. డ్రిప్పు గొట్టములున్నవారు ఆకును గొట్టములపైనే కప్పుదురు గాక. మొదలునకు అడుగు దూరము విడువవలెను. చల్కనేలలో చెదలు పట్టు భయమున్నది గావున ఆకుక్రింద కొంచెము కానుగ చెక్క గాని వేపచెక్క గాని చల్లుట మంచిది. ఎండుటాకు మీద బీడీ పడవేయకుండ పాలేళ్లకు గట్టిగా చెప్పవలెను. ఒక్క నిప్పురవ్వ చాలును.

అన్నదమ్ములిద్దరికి రెండెకరముల క్రొత్త బత్తాయితోట, ఒక బావి కలవనుకొందము. తమ్ముడు పట్టణమున తోటలు చూచి వచ్చి, "అన్నా, నేలంతయు పచ్చతీగ పరపింతము; కలుపుకూలి తగ్గును," అనును. అన్న, "నిరుడు వైశాఖములో మన మోటారు ఎంతసేపు పోసినదిరా?" యని అడుగును. గంటన్నర పోసి ఆగినదని తమ్మునికిని తెలియును. వారు చేయదగినదేమి? నాలుగైదేండ్లవరకు కానుగ నీడకు రాదు. అంతవరకు ప్రతి లేతమొక్కకును నైరుతి దిక్కున నాలుగు కందిమొక్కలో, జీలుగమొక్కలో నిలిపినచో మధ్యాహ్నపు ఎండ ఆగును. పడమటి గట్టున 25 అడుగుల కొకటి చొప్పున ఎకరమునకు ఎనిమిది తొమ్మిది కానుగలు పట్టును. వానికి మొదటి రెండు వేసవులు మాత్రము వారమున కొక కడవ నీరు చాలును. వానకాలమున పిల్లిపెసర, వేసవిలో ఎండుటాకు. తమ్ముని కోరికయు తీర్పదలచిన, బావివద్ద నీరు పొర్లు తొట్టిచుట్టు రెండు మూడు గజముల మేర పచ్చతీగకు విడువవచ్చును. ఆ నీరు ఎట్లును వృథాపోవునదే.

ఇంటిముంగిలి సంగతి వేరు. అచ్చట పండు లెక్క లేదు. మనుష్యుల సుఖము, పశువుల సుఖము లెక్క. కొట్టమునకు పడమట ఒక కానుగ గాని వేప గాని యున్నచో ఎండవేళ పశువులు రొప్పవు, పాడి తగ్గదు. కానుగ నీడ క్రింద గడ్డియు చిన్న మొక్కలును బ్రతుకును. స్నానపు నీరు పారుచోట సరస్వతి ఆకు చక్కగా పాకును. నీరు పోయని యెండజాగాలో బిళ్లగన్నేరు ఏడాది పొడుగునను పూచును. పశువులు దానిని ముట్టవు, అది విషము గావున పిల్లలను ముట్టనీయరాదు. ఇంటి గోడనంటి దట్టమైన తీగ పెంచుట మాత్రము తగదు. ఎలుకలు చేరును, ఎలుకల వెంట పాములు చేరును.

కానుగ గింజ పాతబడిన మొలవదు. మాఘము మొదలు వైశాఖమువరకు చెట్టుననే ముదిరి గోధుమవన్నె తిరిగిన కాయలను కోసి, ఎండబెట్టి, కఱ్ఱతో మెల్లగా కొట్టి గింజ తీయవలెను. కాయకు ఒకటి, అరుదుగా రెండు గింజలుండును. ఆ యేటి గింజనే మన్నును ఎరువును నింపిన సంచులలో అంగుళము లోతున నాటి తడుపుచుండిన రెండు మూడు వారములలో మొలచును. గోతులు వేసవిలోనే రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పున త్రవ్వి ఎండనిచ్చి, తొలకరి వానలు రెండు పడిన తరువాత మొక్కలను దింపవలెను. సంచిని కోసి తీసివేయుట మరువరాదు.